పాఠకుల ప్రశ్నలు: కఫే తకూబా ‘రె’ ఆల్బమ్‌లో ఏ పాట ఏ గడ్డది?

మెక్సికో రాక్ బ్యాండ్ కఫే తకూబా గురించి ఈ మధ్య చాలా ఉత్తరాలొచ్చాయి. దాదాపు అన్నీ 1994లో విడుదలైన వాళ్ల రెండో ఆల్బమ్ ‘రె’ చుట్టూనే తిరిగాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ గేమ్ సంగీతం నచ్చి గుస్తావో సాంతావొలాయా పేరు వెతికాను. ఆయన పనుల్లో ‘రె’ వినమని అందరూ చెప్తున్నారు. విన్నాను, తికమకపడ్డాను. ఒక పాటకీ ఇంకో పాటకీ పొంతన లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

మీ తికమక సహజమే. మొత్తం ఇరవై పాటలు, సుమారు గంట నిడివి. మొదటి మూడు పాటల్లోనే సంగీతం మూడు దారులు పడుతుంది. పాడేది రుబెన్ అల్బర్రాన్. కీబోర్డులు, ప్రోగ్రామింగ్ ఎమ్మాన్యుయెల్ దెల్ రెయాల్. గిటార్ హొసేలో రాన్‌హెల్, బేస్ అతని తమ్ముడు కీకే రాన్‌హెల్. డ్రమ్మర్ లేడు, డ్రమ్ మెషీనే తాళం వేస్తుంది. మెక్సికో నగరం పక్కనున్న సియుదాద్ సతేలితే అనే శివారు కాలనీ పిల్లలు వీళ్లు. 1989లో బ్యాండ్ కట్టారు. నగరం నడిబొడ్డున 1912 నుంచి నడుస్తున్న ఒక పాత హోటల్ పేరు పెట్టుకున్నారు. తర్వాత చట్టపరమైన చిక్కు రాకుండా స్పెల్లింగులో ఒక అక్షరం మార్చారు.

సాంతావొలాయా ఈ ఆల్బమ్‌కి నిర్మాత. అనీబల్ కెర్పెల్ ఆయనకి తోడు. సాంతావొలాయా అర్జెంటీనా మనిషి. కుర్రతనంలోనే ఆర్కో ఇరిస్ అనే బ్యాండుతో ఆండీస్ పర్వత ప్రాంతపు జానపదాన్ని రాక్‌తో కలిపి వాయించాడు. 1978లో లాస్ ఏంజెలెస్ చేరాడు. కాబట్టి ఈ నలుగురూ ఊరి పాటల్ని, పంక్‌ని ఒకే టేపు మీదకి తెస్తామంటే బెదిరిపోని నిర్మాత దొరికాడు. తర్వాత ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’, ‘బాబెల్’ సినిమాలకి వరుసగా రెండు ఆస్కార్లు తెచ్చుకున్నది ఈయనే.

మొదటిసారికి వరుస పక్కనపెట్టి నాలుగు పాటలు వినండి: ‘లా ఇంగ్రాతా’, ‘ఎసా నోచే’, ‘ఎల్ ఫిన్ దె లా ఇన్‌ఫాన్సియా’, ‘ఎల్ బాయిలే ఇ ఎల్ సలోన్’. వరసగా ఉత్తర మెక్సికో నాట్యగీతం, నెమ్మది బొలేరో, ఇత్తడి వాద్యాల బాండా, డెబ్బైల నాటి మెత్తని డిస్కో. ఈ నాలుగు దిక్కులూ చెవికెక్కాక మొదటి పాట నుంచి చివరిదాకా ఆపకుండా వినండి. షఫుల్ పెట్టొద్దు. ‘పెస్’ నుంచి ‘వెర్దె’లోకి జారడం లాంటివి వరుసలో వింటేనే అందుతాయి. రోలింగ్ స్టోన్ పత్రిక 2012లో లాటిన్ రాక్ ఆల్బమ్‌ల జాబితా వేసినప్పుడు దీన్నే అన్నిటికన్నా పైన పెట్టింది.

మా కాలేజీ బ్యాండు ‘లా ఇంగ్రాతా’ సాధన చేస్తోంది. కార్డులు సరిగ్గానే పడుతున్నాయి, వేగం కూడా రికార్డుకి దగ్గరగా ఉంది. అయినా మామూలు పంక్ పాటలాగే వినిపిస్తోంది. ఏం తప్పుతోంది? (విశాఖపట్నం నుంచి)

మీ గిటారిస్టు ప్రతి కార్డునీ కింది స్ట్రోకుతో, ఖాళీ లేకుండా కొడుతున్నట్టున్నాడు. పంక్ అలవాటున్న ప్రతి చేతికీ జరిగేదే ఇది. ఈ పాటకి అడుగున ఉన్నది నోర్తెన్యో, అంటే మెక్సికో ఉత్తర సరిహద్దు సంగీతం. పంతొమ్మిదో శతాబ్దంలో టెక్సస్‌కీ ఉత్తర మెక్సికోకీ వలస వచ్చిన జర్మన్లు, చెక్‌లు, పోలిష్ వాళ్లు అకార్డియన్‌నీ పోల్కా నాట్యాన్నీ వెంట తెచ్చారు. స్థానికులు దానికి బాహో సెస్తో జత చేశారు. అది ఆరు జతలుగా పన్నెండు తీగలుండే లావు గిటార్. శ్రుతి కింది నుంచి ఇ, ఎ, డి, జి, సి, ఎఫ్, మామూలు గిటార్ కన్నా ఒక ఆక్టేవ్ దిగువన. పోల్కాలో లెక్క మీద మందర స్వరం, లెక్కకీ లెక్కకీ మధ్య చిన్న కార్డు తెగ్గొట్టడం. ఆ రెండిటి మధ్యనుండే ఖాళీయే మనిషిని ఆడిస్తుంది. మీరు ఆ ఖాళీని నింపేస్తున్నారు.

జమైకా స్కాలోనూ గిటార్ కొట్టేది లెక్కకి మధ్యలోనే. అందుకే కఫే తకూబా చేతిలో నోర్తెన్యో, స్కా, పంక్ అతుకు కనిపించకుండా కలిశాయి. మూడిటికీ వేగం ఒకటే, లోపలి ఎముక ఒకటే. కష్టపడి అతికించిన కలయిక కాదది, ముందే ఉన్న చుట్టరికాన్ని వాళ్లు పట్టుకున్నారు.

సాధన ఇలా చేయండి. మెట్రోనోమ్ 90 దగ్గర పెట్టి ముందు బేస్ ఒక్కటే వాయించాలి. ఒకటో లెక్కకి కార్డు మూల స్వరం, రెండో లెక్కకి దాని పంచమం. ప్రతి స్వరాన్నీ సగం నిడివికే ఆపేయాలి. ఎడమచేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా తీయకుండా ఒత్తిడి మాత్రం వదిలితే చప్పుడు శుభ్రంగా తెగుతుంది. ఇది నిలబడ్డాక గిటార్ రావాలి. ‘ఒకటి–అండ్–రెండు–అండ్’ అని నోటితో లెక్కపెడుతూ ‘అండ్’ దగ్గర మాత్రమే, పై స్ట్రోకుతో, సన్నని మూడు నాలుగు తీగల్ని మాత్రమే తాకాలి. కార్డు మోగిన వెంటనే ఎడమచేతిని సడలించాలి. లావు తీగలు తగిలితే బేస్ చోటు ఆక్రమించినట్టే. రెండు నిమిషాలు తడబడకుండా వచ్చాకే వేగాన్ని అయిదేసి చొప్పున పెంచండి. 130 దాటాక మణికట్టు బిగుసుకుంటే భుజం నుంచి కొడుతున్నారన్న మాట. ఆగి, ఇరవై తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

యాంప్‌లో గెయిన్ బాగా తగ్గించాలి. డిస్టార్షన్ ఎక్కువగా ఉంటే కార్డు తెగ్గొట్టినా దాని తోక మోగుతూనే ఉంటుంది, ఖాళీ మళ్లీ నిండిపోతుంది. బ్రిడ్జ్ వైపు పికప్ వాడి, ట్రెబుల్ కొంచెం లేపి, రివర్బ్ పూర్తిగా తీసేయండి. గాయకుడికి ఒక మాట. రుబెన్ ఇక్కడ ముక్కుతో, గొంతు బిగబట్టి పాడాడు. ఉత్తరాది పాటగాళ్ల ఒరవడి అది. మీ వాడు రాక్ గాయకుడిలా గుండె నిండా గాలి పీల్చి పాడితే కింద ఎంత పోల్కా పడినా పాట పక్కకి పోతుంది.

ఇన్ని రకాల సంగీతం ఒకే ఆల్బమ్‌లో ఎందుకు పెట్టారు? ఏ పాట దేని నుంచి వచ్చిందో చెప్పగలరా? (తిరుపతి నుంచి ఒక పాఠకురాలు)

వీళ్లు పల్లెటూరి సంగీతంలో పుట్టి పెరిగినవాళ్లు కారు, ముందు అది గుర్తుంచుకోవాలి. సతేలితే కాలనీ 1950ల్లో కార్ల కోసం, మధ్యతరగతి కోసం ప్లాను గీసి కట్టిన ఊరు. దాని ముఖద్వారంలో వాస్తుశిల్పి లూయిస్ బర్రగాన్, శిల్పి మతియాస్ గోరిట్స్ కట్టిన అయిదు రంగుల కాంక్రీటు గోపురాలు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి చోట పెరిగిన పిల్లలకి ఇంట్లో రేడియోలో బొలేరోలు, వీధిలో నాట్యగీతాలు, దోస్తుల దగ్గర ద క్యూర్, ద స్మిత్స్, ద క్లాష్ క్యాసెట్లు. ఈ మూడూ వాళ్లకి ఒకే వయసులో, ఒకే దూరంలో ఉన్నాయి. ‘రె’లో వినిపించేది ఆ సమాన దూరమే. జానపదాన్ని గౌరవంగా పటం కట్టి గోడకి తగిలించలేదు. రాక్‌ని గొప్ప చేసి నెత్తిన పెట్టుకోలేదు.

ఇక పాటలు. మొదటిదైన ‘ఎల్ అపరాతో’లో మెక్సికోలోని వెరక్రూస్ తీరపు జరానా అనే చిన్న గిటార్ ధ్వనికీ సింథసైజర్‌కీ చెలిమి కుదిరింది. ఎగిరొచ్చిన ఒక యంత్రం గురించిన పాట అది. చివర్లో మాటలు కరిగిపోయి ఆదివాసుల జపంలాంటి కేకలు మిగులుతాయి. ‘ఎల్ సిక్లోన్’ ఫంక్, బేస్ ముందుండి నడిపిస్తుంది. ‘ఎల్ బొర్రేగో’ థ్రాష్, ఇండస్ట్రియల్ ధోరణి. ప్రతి గుంపులోనూ చేరిపోయే మనిషి ‘నేను ఇదీ, నేను అదీ’ అని అరుస్తూ పోతాడు. గొర్రె అన్న పేరు అందుకే. ‘ఎల్ మెత్రో’లో భూగర్భ రైలెక్కి బయటికి రాలేక నెలల తరబడి లోపలే బతుకుతున్నవాడి గోడు వింటాం. ఇది నగరగీతాల వారసత్వం. బాల్దెరాస్ మెట్రో స్టేషన్ మీద రాక్‌ద్రిగో గొన్సాలెస్ కట్టిన పాట అంతకుముందే మెక్సికో నగరంలో ప్రతి కుర్రాడి నోటా ఉండేది. ఆయన 1985 సెప్టెంబరు 19 భూకంపంలో చనిపోయాడు.

‘ఎసా నోచే’, ‘మద్రుగాల్’ బొలేరోలు. బొలేరో పుట్టింది క్యూబాలోని సాంతియాగోలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో. మెక్సికో దాన్ని సొంతం చేసుకుంది. 1944లో న్యూయార్క్‌లో ఏర్పడిన త్రియో లోస్ పాంచోస్ మూడు గొంతులు, మూడు గిటార్ల పద్ధతిని స్థిరపరిచింది. వాళ్లలో అల్ఫ్రెదో హీల్ వాయించిన రెకింతో మామూలు గిటార్ కన్నా చిన్నది, నాలుగో స్వరం ఎత్తున శ్రుతి చేస్తారు. ఇంట్లో ఆ రంగు రావాలంటే నైలాన్ తీగల గిటార్‌కి అయిదో మెట్టు మీద కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగించండి. శ్రుతి ఎ, డి, జి, సి, ఇ, ఎ అవుతుంది. బ్రిడ్జ్‌కి దగ్గరగా, గోటితో మీటాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ‘ఎల్ ఫిన్ దె లా ఇన్‌ఫాన్సియా’. ఇది సినలోవా రాష్ట్రపు బాండా. క్లారినెట్లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా, పైన తాళం బిగించిన తంబోరా అనే పెద్ద డప్పు. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళానికి దీనికీ మూలం సైనిక వాద్యబృందాలే కాబట్టి మొదటి నిమిషంలోనే మీకు చనువు కలుగుతుంది. తొంభైల మొదట్లో ఈ సంగీతం, దానితో వచ్చిన కెబ్రదీతా నాట్యం సరిహద్దుకి రెండువైపులా ఊపేశాయి. 1992లో లాస్ ఏంజెలెస్‌లో ఇంగ్లిషు స్టేషన్లన్నిటినీ దాటి మొదటి స్థానానికెక్కిన రేడియో ఈ బాండాలు వేసేదే. నగరంలో చదువుకున్న కుర్రాళ్లు మాత్రం దాన్ని మోటు అని ఈసడించేవాళ్లు. సరిగ్గా ఆ సమయంలో కఫే తకూబా అదే బాణీ ఎత్తుకుని, ఏది కొత్తదో ఇంకెవరో చెప్పేదాకా ఎదురుచూడకుండా మన కాళ్లతో మనం ఆడగలమా అని అడిగింది. పరాయి నగరాల ఆమోదం అక్కర్లేదని చెప్పడానికి అందరూ చిన్నచూపు చూసిన సంగీతాన్నే ఎంచుకోవడం ఎంత ధైర్యమో ఆలోచించండి.

‘ఎల్ బాయిలే ఇ ఎల్ సలోన్’ మెత్తని డిస్కో. చివర్లో అందరూ కలిసి మాటల్లేకుండా పాడే ఆలాపన ఉంది. కచేరీల్లో ఆ భాగం జనమే పాడతారు.

మెక్సికో అమెరికా పక్కనే ఉంది కదా, అక్కడ సొంత రాక్ ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది? (విజయవాడ నుంచి)

రాక్ ముందే ఉంది, దాన్ని తొక్కిపెట్టారు. 1971 సెప్టెంబరులో వాయే దె బ్రావో దగ్గర అవాందరోలో పెద్ద రాక్ ఉత్సవం జరిగింది. దాని తర్వాత పత్రికల్లో గగ్గోలు పుట్టింది, ప్రభుత్వం కన్నెర్రజేసింది. రేడియోలూ రికార్డు కంపెనీలూ స్థానిక బ్యాండ్లకి మొహం చాటేశాయి. ఆ తర్వాత పదేళ్లకి పైగా రాక్ నగరపు అంచుల్లోని గోదాముల్లో, షెడ్లలో బతికింది. ఆ చోట్లని ‘ఓయోస్ ఫాంకీస్’ అనేవాళ్లు. ఎనభైల మధ్యలో బొతెయీతా దె హెరెస్ లాంటివాళ్లు వీధి భాషలో పాడటం మొదలుపెట్టారు. 1986–87 నుంచి కంపెనీలు అర్జెంటీనా, స్పెయిన్ బ్యాండ్లతో ‘రోక్ ఎన్ తు ఇదియోమా’ (నీ భాషలో రాక్) ప్రచారం నడిపాయి. 1988లో కైఫానెస్ బ్యాండ్ ‘లా నెగ్రా తొమాసా’ అనే పాత క్యూబా పాటని కుంబియా అనే నాట్యబాణీలో వాయించి ఇంటింటా వినిపించింది. నల్లబట్టలు, చెదిరిన జుట్టు వేసుకున్న రాకర్లు కుంబియా వాయిస్తే జనం ఎగబడి కొంటారని కంపెనీలకి అప్పుడు అర్థమైంది. సాంతావొలాయానే నిర్మించిన మల్దీతా వెసిందాద్ ఆల్బమ్ ‘ఎల్ సిర్కో’ 1991లో ఆ దారిని ఇంకా వెడల్పు చేసింది.

‘రె’ వచ్చిన ఏడాదిని కూడా గుర్తుపెట్టుకోండి. 1994 జనవరి 1న అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అదే రోజు చియాపాస్‌లో జపాతిస్తాలు తిరగబడ్డారు. మార్చిలో అధ్యక్ష అభ్యర్థి హత్య జరిగింది. డిసెంబరులో పేసో కుప్పకూలింది. ఆధునికమా, మూలవాసమా అని దేశమంతా తర్జనభర్జన పడుతున్న ఏడాది మధ్యలో, జూలైలో ఈ ఆల్బమ్ విడుదలైంది.

నేను మృదంగం నేర్చుకుంటున్నాను. సోన్ హరోచో పాటల్ని తిశ్రంలో లెక్కపెడితే కొంతదూరం సరిపోతోంది, తర్వాత జారిపోతోంది. కారణం? (తెనాలి నుంచి)

సోన్ హరోచో అంటే వెరక్రూస్ తీరపు జానపద సంగీతం. మీరు ఒక లెక్కే పట్టుకుంటున్నారు, అక్కడ రెండు నడుస్తాయి. ఆరు మాత్రల ఆవర్తాన్ని ‘తకిట తకిట’ అని రెండు మూడులుగానూ, ‘తక తక తక’ అని మూడు రెండులుగానూ ఒకేసారి విడగొడతారు. జరానా ఒకదాన్ని పట్టుకుంటే బేస్ రెండోదాన్ని పట్టుకోవచ్చు. మధ్యలో ఇచ్చిపుచ్చుకోనూవచ్చు. పైగా ఈ సంగీతంలో తాళవాద్యం చాలావరకు కాళ్లే. తరీమా అనే చెక్క వేదిక మీద ఆడేవాళ్ల మడమల చప్పుడే లయ.

కుడిచేత్తో తొడ మీద 1, 4 మాత్రల దగ్గర కొట్టండి. పాదంతో 1, 3, 5 దగ్గర. రెండూ కలిసేది ఒకటో మాత్ర దగ్గరే. మొత్తంగా 1, 3, 4, 5 మోగుతాయి, 2, 6 ఖాళీగా ఉంటాయి. ఈ ఆకారం చెవిలో స్థిరపడాలి. మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఒక్కో క్లిక్కుకి ఒక తకిట పడేలా చేయండి. కుదిరాక అదే క్లిక్కుని ‘తక’గా వినడం సాధన చేయండి, అంటే ఆవర్తానికి మూడు క్లిక్కులు. మీకు జారుతున్నది ఇక్కడే. మృదంగ విద్యార్థి ప్రతి ‘త’నీ బరువుగా వేస్తాడు కాబట్టి రెండో విభజన కింద నలిగిపోతుంది. బరువు తగ్గించండి.

వినడానికి ‘ఎల్ కస్కబెల్’ తీసుకోండి. 1977లో వోయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో మరియాచి బృందం వాయించినది ఉంది. ‘లా బాంబా’ కూడా వెరక్రూస్ పాటే కానీ అది నాలుగు లెక్కల్లో నడుస్తుంది, ఈ సాధనకి పనికిరాదు.

జరానా మనకి దొరకడం కష్టం. దానికి అయిదు వరుసల్లో ఎనిమిది తీగలు: చివరలు రెండూ ఒంటివి, మధ్య మూడూ జతలు. మామూలు శ్రుతి జి, సి, ఇ, ఎ, జి. అందులో మొదటి నాలుగు ఉకులేలే స్వరాలే. కాబట్టి ఉకులేలే కార్డులు వచ్చినవాళ్లు అవే వేళ్ల ఆకారాలతో మొదలుపెట్టవచ్చు.

డ్రమ్మర్ లేకుండా ఇంట్లోనే డ్రమ్ మెషీన్‌తో ఈ తరహా పాట తయారుచేస్తున్నాను. నిర్జీవంగా ఉంటోంది. అసలు డ్రమ్మర్ వాయించినట్టు ఎలా చేయాలి? (గుంటూరు నుంచి)

డ్రమ్మర్‌లా చేయాలన్న ఆలోచనే మానేయండి. ‘రె’లో మెషీన్ మెషీన్‌లాగే వినిపిస్తుంది, దాని మీద గిటార్, బేస్, గొంతు మనుషుల్లా ఊగుతాయి. ప్రాణం ఆ తేడాలోంచి వస్తుంది. ప్రతి నాలుగో గీతకీ టామ్‌ల విన్యాసాలు, క్రాష్ సింబల్‌లు పెట్టుకుంటూ పోతే అది నకిలీ డ్రమ్మర్ అవుతుంది.

పోల్కా–స్కా లయకి పదహారు గడుల్లో కిక్‌ని 1, 5, 9, 13లో పెట్టండి. స్నేర్ గానీ మూసిన హై–హ్యాట్ గానీ 3, 7, 11, 15లో. స్వింగ్ 50 శాతం, అంటే అసలు వేయొద్దు. స్నేర్ తోకని బాగా కుదించండి. తర్వాత గిటార్ ట్రాక్‌ని మొత్తంగా 5 నుంచి 10 మిల్లీసెకన్లు ముందే పడేలా జరిపి వినండి. పాట పరుగందుకుంటుంది. బొలేరోకి ఇందుకు విరుద్ధంగా గొంతుని కొంచెం వెనకబడనివ్వాలి. 80 దగ్గర వేగం పెట్టి మరాకాస్‌ని ఎనిమిదో స్వరాలుగా వేయండి, శబ్దస్థాయి ఒకటి విడిచి ఒకటి మూడోవంతు తగ్గించండి. కిక్ అసలు వద్దు, ఆ పని బేస్ చేస్తుంది.

కఫే తకూబా కూడా ఎల్లకాలం మెషీన్‌తోనే లేదు. 2003 ఆల్బమ్ ‘క్వాత్రో కమీనోస్’లో నిజమైన డ్రమ్స్ వచ్చాయి. ఆ రెండూ పక్కపక్కన వింటే ఏది ఎక్కడ అవసరమో మీకే తెలుస్తుంది.

మా అమ్మాయి స్కూల్లో మెక్సికన్ స్నేహితులతో కలిసి ‘లా ఇంగ్రాతా’ పాడుతోంది. అర్థం తెలుసుకుంటే భయమేసింది. పాడనివ్వాలా? (డాలస్ నుంచి ఒక తల్లి)

మీ భయం న్యాయమైనదే. తనని కాదన్న ఆడదాన్ని తూటాలతో కాల్చి, ఆమె అంత్యక్రియలకి తానే వెళ్తానని పాడే మగవాడి గొంతు అది. ఉత్తరాది కొర్రీదో, రంచేరా పాటల్లో ఏడ్చే మగవాడి ధాటీని అతిచేసి చూపించే ఉద్దేశంతో రాశారు. కానీ పాట హుషారుగా ఉంటుంది, జనం గెంతుతారు. గెంతేవాళ్లలో ఎంతమందికి అది వెక్కిరింపుగా అందుతుంది? మెక్సికోలో స్త్రీల హత్యలు పెద్ద సమస్య. 2017లో రుబెన్ అల్బర్రాన్ ఆ సంగతే ప్రస్తావించి, రాసినప్పుడు తమకి ఇంత ఎరుక లేదని, ఇక దీన్ని కచేరీల్లో పాడబోమని ప్రకటించాడు. అప్పటికి అది వాళ్లకి అత్యంత పేరు తెచ్చిన పాటల్లో ఒకటి. అంత పాటని పక్కన పెట్టడం తేలిక కాదు, ఆ నిర్ణయాన్ని నేను మనసారా గౌరవిస్తాను.

పిల్లల కార్యక్రమానికి అదే ఆల్బమ్‌లోని ‘లాస్ ఫ్లోరెస్’ సూచించండి. వేగమూ సరదా అంతే, మాటల్లో ఆ హింస లేదు. బడి ఎగ్గొట్టడం మీదున్న ‘లా పింతా’ వద్దులెండి, టీచర్లు మొహం చిట్లిస్తారు. ‘లా ఇంగ్రాతా’నే కావాలని పట్టుబడితే మాటలు లేకుండా వాద్యాల మీద వాయించమనండి. పెద్దపిల్లలైతే బ్యాండ్ ఎందుకు మానేసిందో కూర్చోబెట్టి చెప్పండి.

స్పానిష్ రాదు. తెలుగులో రాసుకుని పాడితే ఉచ్చారణ సరిపోతుందా? (కరీంనగర్ నుంచి)

ఇంగ్లిషులో రాసుకున్నదాని కన్నా మెరుగ్గా వస్తుంది. స్పానిష్ ‘టి’కి త, ‘డి’కి ద రాయండి, ట డలు వాడితే ఇంగ్లిషువాడు పాడినట్టుంటుంది. ‘జె’ అక్షరానికి హ, కొంచెం గొంతులోంచి. రెండు ‘ఎల్’లు కలిస్తే య. మెక్సికోలో ‘జెడ్’ ఎప్పుడూ స. ‘హెచ్’ పలకదు. ఒత్తక్షరాలు, అంటే ఖ, థ, ధ లాంటివి, ఎక్కడా వాడొద్దు. జాగ్రత్త పడాల్సింది అచ్చుల దగ్గర. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతి మాట అచ్చుతో మొదలైతే రెండూ ఒకే స్వరంలో కలిసిపోతాయి. విడివిడిగా పలికితే పాటలో ఒక అక్షరం మిగిలిపోయి తాళం తప్పుతుంది.

‘రె’ కంఠస్థమైపోయింది. తర్వాత ఏం వినాలి? (ఖమ్మం నుంచి)

వెనక్కి ఒకటి, ముందుకి రెండు. 1992 నాటి మొదటి ఆల్బమ్‌లో ‘మరియా’ అనే బొలేరో ఉంది. ‘రె’లో విరబూసినదానికి మొగ్గ అదే. 1996లో వచ్చిన ‘అవలాంచా దె ఎహితోస్’లో ఎనిమిది పాటలు, అన్నీ వేరేవాళ్లవి. మెక్సికో నగరపు వీధి యాసలో హైమే లోపెస్ రాసిన ‘చిలాంగా బాందా’ని ర్యాప్‌గా పాడారు. హువాన్ లూయిస్ గెర్రా ‘ఒహలా కె యుయేవా కఫే’ని వయొలిన్‌తో జానపదం వైపు తిప్పారు. అసలు పాట ముందు విని, వెంటనే వీళ్లది వినండి. ఆ ఎనిమిది జతలూ పూర్తయ్యాక ‘అమోరెస్ పెర్రోస్’ సినిమా పాటల రికార్డులోని ‘అవియెంతామే’కి వెళ్లండి.